పన్నెండేళ్ల డబుల్ బ్యారెల్: తప్పు తుపాకీది కాదు, తూటాది

సైన్యం నుంచి రిటైరయ్యాక మిర్యాలగూడలో క్యాష్ వ్యాన్ గార్డుగా చేరాను. అప్పుడు లైసెన్సు మీద కొన్న 12 బోర్ డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకీ) పన్నెండేళ్లుగా నా దగ్గరే ఉంది. తుపాకీ గురించి చెప్పాల్సింది తక్కువ. తూటా బలం మీద తనంతట తానే లోడయ్యే రకం కాదు కాబట్టి లోడయ్యేటప్పుడు తూటా ఇరుక్కుపోయే బాధ లేదు. అయినా రెండుసార్లు నన్ను భయపెట్టింది.

మొదటిసారి ప్రాక్టీస్ ఫైరింగ్‌లో. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంది, అంతే. తూటా ఆలస్యంగా పేలొచ్చు, అందుకే గొట్టం గురి వైపే పెట్టి అర నిమిషం ఆగాను. "తుపాకీ ముసలిదైందన్నా, మార్చెయ్" అన్నాడు తోటి గార్డు. తీసి చూస్తే తూటా అడుగున తుపాకీలోని పిన్ను గుచ్చిన గుంట లోతుగానే ఉంది. అంటే తుపాకీ తన పని తాను చేసింది, తూటాయే అంటుకోలేదు. గుంట పైపైనే ఉంటే స్ప్రింగో పిన్నో చూపించుకోవాలి.

ఆ రాత్రి బెల్టులోని తూటాలన్నీ బయటికి తీశాను. ఇత్తడి అడుగులకు పచ్చగా చిలుము పట్టింది. నల్గొండ ఎండలో చెమట తాగిన తోలు బెల్టులో రెండేళ్లు అవే తూటాలు మోశాను మరి. తోలు ఇత్తడిని తినేస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

రెండోది ఇంకా ప్రమాదం. ఒక దుకాణంలో అంటగట్టిన పాత స్టాకు తూటా అది. కాలిస్తే ఢామ్మనాల్సింది తుస్సుమంది. తుపాకీ ఖాళీ చేసి వెనక నుంచి గొట్టంలోకి చూస్తే వెలుతురు కనపడలేదు. తూటాలో గుళ్ల వెనక ఉండే బిళ్ల గొట్టం సగంలోనే ఆగిపోయింది. చూసుకోకుండా అదే గొట్టంలో ఇంకో తూటా పెట్టి కాల్చి ఉంటే గొట్టం పగిలేది, నా ఎడమ చెయ్యి దాని మీదే ఉంది. చప్పుడు తేడాగా వస్తే దయచేసి అక్కడే ఆపండి.

ఇప్పుడు నైలాన్ బెల్టు వాడుతున్నా. డ్యూటీ అయ్యాక తూటాలు తుడిచి, తాళం ఉన్న ఇనప బీరువాలో పొడిగా పెడతాను. ప్లాస్టిక్ తొడుగువే కొంటాను, అట్టవి వానాకాలంలో ఉబ్బి గొట్టంలో పట్టేస్తాయి. ప్రాక్టీస్‌లో పాతవి ముందు కాల్చేస్తాను. పేలనిదాన్ని విప్పి చూడను, లైసెన్సున్న డీలరుకే అప్పగిస్తాను. తుపాకీ మాత్రం మార్చలేదు.