ప్రాగ్‌లో మోసపోయాం, ఓస్ట్రావాలో సంబరపడ్డాం

ఒపేరాల్లో, అంటే పాటలతో నడిచే నాటకాల్లో, పాడిన బెనో బ్లాఖుట్ అనే చెక్ టెనర్ (హెచ్చు స్థాయి మగ గొంతు) గాయకుడి పిచ్చి నాది. ఆ పిచ్చితో మా ఆవిడని కూడా చెక్ దేశానికి లాక్కెళ్ళాను.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. ప్రాగ్‌లో దిగగానే వెన్సెస్లాస్ స్క్వేర్ దగ్గర ఒక మారకం కౌంటర్లో 200 యూరోలు ఇచ్చాను. 'కమీషన్ సున్నా' అని బోర్డు. చేతికొచ్చినవి 3,700 కొరునాలు (చెక్ డబ్బులు). అసలు 4,900 దాకా రావాలి. అంటే మన డబ్బుల్లో నాలుగున్నర వేలు హాంఫట్! అక్కడి చట్టం ప్రకారం 1,000 యూరోల లోపు మారకాన్ని 3 గంటల్లోగా రసీదు చూపించి రద్దు చేసుకోవచ్చట. రసీదు జేబులోనే ఉంది. సంగతి తెలిసేసరికి 4 గంటలు గడిచిపోయాయి. మా ఆవిడ ఆ పూట నాతో మాట్లాడలేదు. మీరు మాత్రం వీధి కౌంటర్ల జోలికి పోకండి. కార్డుతో ఏటీఎంలో తీసుకోండి, తీసేటప్పుడు 'రూపాయల్లో చూపించమంటారా' అంటే వద్దనండి.

సాయంత్రం నేషనల్ థియేటర్. పై గ్యాలరీ టికెట్లు రెండూ కలిపి 580 కొరునాలు. చెక్ సంగీతకర్త స్మెతనా ఒపేరా 'బార్టర్డ్ బ్రైడ్' ఆడుతోంది. పైన ఇంగ్లీషులో మాటలు పడుతుంటాయి కాబట్టి భాష రాదని టెన్షన్ లేదు. మెడ మాత్రం పట్టేస్తుంది. బ్లాఖుట్ ఓలొమౌట్స్ అనే ఊళ్ళో పాడుతూ పాడుతూ 1941లో ఈ థియేటర్‌కి వచ్చాడు. ఇక ఇక్కడే ఉండిపోయాడు. ఒపేరా పాత్రల్లో దాలిబోర్ అయినా, 'యెనూఫా'లో లాట్సా అయినా చెక్ వాళ్ళకి చాలాకాలం ఆయన గొంతే. 1985లో పోయాడు.

ప్రాగ్‌లో మిగతా రెండు రోజులూ అందరూ చూసేవే చూశాం.

తర్వాత ఓస్ట్రావా, రైల్లో మూడున్నర గంటలు. కుర్రతనంలో బ్లాఖుట్ పనిచేసిన వీత్కోవిట్సే ఉక్కు కార్ఖానా అక్కడే. "ఇనుము చూడ్డానికి ఇంత దూరమా? వైజాగ్‌లో లేదా?" అంది మా ఆవిడ. 1998లో ఆగిపోయిన బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము తీసే పెద్ద కొలిమి) పైకి లిఫ్టులో తీసుకెళ్ళారు. తుప్పు పట్టిన గొట్టాలు, కింద ఊరంతా. ఆవిడ ఫోన్ కింద పెడితే ఒట్టు! పక్కనున్న పాత గ్యాస్ ట్యాంకుని 2012లో గాంగ్ అనే కచేరీ హాలుగా మార్చారు. దాదాపు 1,500 మంది పడతారు. కొలిమి దగ్గర్నుంచి పాటకి వెళ్ళిన మనిషి ఊళ్ళో ట్యాంకు కూడా పాటకే వచ్చింది! మేం వెళ్ళిన రోజు కచేరీ లేదు, బయటి నుంచే చూశాం. మీరు తేదీలు చూసుకుని వెళ్ళండి.

రాత్రి 'చెస్నెచ్కా' తాగాం. 75 కొరునాలు. వెల్లుల్లి చారే అనుకోండి, పైన వేయించిన బ్రెడ్డు ముక్కలు. శాకాహారులు మాంసం రసంతో చేశారేమో ముందే అడగాలి. మేం అడిగాం, నీళ్ళతోనే చేశారట. మా ఆవిడ రెండో గిన్నె తెప్పించుకుని, "ఆ నాలుగున్నర వేలకి ఇవి ఎన్ని గిన్నెలొచ్చేవో!" అంది.