కౌచ్ టు ఫైవ్‌కే: మూడు విడతలు పూర్తి చేశాక తేలిన లెక్కలు

కౌచ్ టు ఫైవ్‌కే అంటే సోఫా నుంచి ఐదు కిలోమీటర్ల పరుగుకు అని. పరుగు అసలు అలవాటు లేనివాళ్లచేత తొమ్మిది వారాల్లో ఆగకుండా అరగంట పరుగెత్తించే ప్రణాళిక ఇది. 1996లో జాష్ క్లార్క్ తయారుచేశాడు. తర్వాత దీని పేరుతో ఎన్ని యాప్‌లు వచ్చినా అసలు చట్రం మాత్రం మారలేదు. వారానికి మూడు రోజులు, ప్రతి రెండు పరుగుల మధ్యా కనీసం ఒక రోజు విశ్రాంతి, మొత్తం 27 పరుగులు. నేను దీన్ని మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు చేశాను. మళ్లీ మళ్లీ చేయాల్సి రావడానికి కారణం ఒకటే: పదో వారంలో ఏం చేయాలో ఇది ఒక్క ముక్క కూడా చెప్పదు. ఐదుకు నాలుగు మార్కులిస్తాను. మొదటి మూడు వారాలకైతే ఐదుకు ఐదూ ఇవ్వొచ్చు.

రోజూ మొదట 5 నిమిషాల చురుకైన నడక ఉంటుంది. ఆ తర్వాత మొదటి వారంలో 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, ఇలా 20 నిమిషాలు. రెండో వారంలో 90 సెకన్లు పరుగు, 2 నిమిషాలు నడక. మూడో వారంలో ఒకటిన్నర నిమిషం పరుగు, అంతే నడక, 3 నిమిషాలు పరుగు, అంతే నడక. ఈ మొత్తం రెండుసార్లు. నాలుగో వారంలో పరుగులు వరుసగా 3, 5, 3, 5 నిమిషాలు. ఐదో వారంలో మూడు రోజులూ మూడు రకాలు: మొదటి రోజు మూడు 5 నిమిషాల పరుగులు, రెండో రోజు రెండు 8 నిమిషాల పరుగులు, మూడో రోజు నడకే లేకుండా ఏకబిగిన 20 నిమిషాలు. ఆరో వారం 5-8-5తో మొదలై, 10-10 మీదుగా 25 నిమిషాలకు చేరుతుంది. ఏడో వారమంతా 25, ఎనిమిదిలో 28, తొమ్మిదిలో 30.

ఈ పట్టిక చూసిన ఎవరికైనా గుండె గుభేలుమనేది ఐదో వారం మూడో రోజు దగ్గరే. ఎనిమిది నిమిషాల నుంచి ఒక్కసారిగా ఇరవైకా అనిపిస్తుంది. కాగితం మీద కూడి చూస్తే సంగతి వేరు. ఒక రోజులో పరుగెత్తే మొత్తం సమయం మొదటి వారంలో 8 నిమిషాలు, రెండో వారంలో సుమారు 9, మూడో వారంలోనూ 9. నాలుగో వారంలో అది 16. అంటే కాళ్ల మీద పడే బరువు మూడు వారాలు దాదాపు కదలకుండా ఉండి, నాలుగో వారం మొదటి రోజున 80 శాతం దాకా ఎగబాకుతోంది. అందరూ భయపడే 20 నిమిషాల రోజున పెరిగేది అంతకుముందు రోజు చేసిన 16 మీద 4 నిమిషాలే. మోకాలి కింద ఎముక నొప్పి నాలుగో వారంలో మొదలై ఐదో వారంలో ముదరడానికి కారణం ఇదే. ఊపిరి సరిపోతోంది కదా అని ముందుకు పోతాం. గుండె, ఊపిరి కొద్ది వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకకూ కండర బంధాలకూ అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది.

రెండో విడత నుంచి మూడు, నాలుగు వారాల మధ్య సొంతంగా ఒక వారం చేర్చాను. 3 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక, నాలుగుసార్లు. మొత్తం 12 నిమిషాలు. 9కీ 16కీ మధ్య ఒక మెట్టు అన్నమాట. తొమ్మిది వారాల ప్రణాళిక పది వారాలవుతుంది, అంతే. మొదటి విడతలో వచ్చిన నొప్పి ఆ తర్వాత రెండుసార్లూ రాలేదు.

ఇక వేగం. ఈ ప్రణాళికను మధ్యలో వదిలేసేవాళ్లలో చాలామందిని దెబ్బతీసేది ఇదే. మొదటి వారంలో 60 సెకన్లే కదా అని బస్సు అందుకోవాలన్నట్టు పరుగెత్తుతారు. ఆ వేగంతో రెండు వారాలు నెట్టుకురావచ్చు, మూడో వారంలోని 3 నిమిషాల దగ్గర చతికిలపడటం ఖాయం. గంటకు 7 కిలోమీటర్ల వేగం చాలు. చురుగ్గా నడిచేవాళ్ల వేగమే గంటకు 6 దాకా ఉంటుంది కాబట్టి ఇది నడకకు అన్నయ్య, పరుగుకు తమ్ముడు. ట్రెడ్‌మిల్ మీద అయితే 7.0 పెట్టి ఇక మీట జోలికి వెళ్లకుండా ఉండటమే. బయట పరుగెత్తేటప్పుడు ఫోన్ చూపించే అప్పటికప్పటి వేగాన్ని నమ్మొద్దు. చిన్న చిన్న పరుగుల్లో ఆ అంకె ఊగిసలాడుతూనే ఉంటుంది. అంతకన్నా మాట పరీక్ష మేలు: ఏడెనిమిది పదాల వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోకుండా పైకి అనగలిగితే వేగం సరైనదే. రెండు పదాలకే ఆగాల్సి వస్తే ఎక్కువ. పాట పాడగలిగితే మాత్రం ఇంకొంచెం కదలొచ్చు.

చెవి కూడా పనికొస్తుంది. ఇయర్‌ఫోన్లు తీసేసి ఒక నిమిషం అడుగుల చప్పుడు వినండి. టప్ టప్‌మని అరికాలు నేలను కొడుతున్నట్టు వినిపిస్తే అంగలు పెద్దవిగా పడుతున్నాయి, పాదం శరీరానికి బాగా ముందు ఆనుతోంది. వేగం మార్చకుండా అడుగులు చిన్నవి చేసి, వాటి సంఖ్య పెంచితే చప్పుడు మెత్తబడుతుంది. మోకాలి మీద భారం తగ్గినట్టు ఆ పూటే తెలుస్తుంది.

ఆ 20 నిమిషాల రోజు లోపల ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. మొదటి రెండు నిమిషాలు హాయిగా ఉంటాయి. మూడు నుంచి ఎనిమిదో నిమిషం దాకా నరకం: ఆయాసం, కాళ్లు బరువెక్కడం, ఇక నా వల్ల కాదు అన్న ఆలోచన. కండరాలు అడిగినంత ఆక్సిజన్‌ను అందించే స్థితికి గుండె, ఊపిరితిత్తులు వెంటనే చేరుకోలేవు, కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటాయి. తొమ్మిది, పది నిమిషాల దగ్గర ఊపిరి ఒక లయలో పడుతుంది. అక్కడి నుంచి 20 దాకా సాగేది వేరే పరుగు. చిక్కేమిటంటే మొదటి నాలుగు వారాల్లో ప్రతి పరుగూ ఆ నరకంలోనే ముగిసిపోతుంది. హాయి మొదలయ్యే చోటికి చేరకముందే నడక వచ్చేస్తుంది. అందుకే చాలామంది పరుగంటే ఎప్పుడూ ఇలాగే ఉంటుందనుకుంటారు. ఆరో వారం మొదటి రోజు 5-8-5కి మళ్లీ దిగినప్పుడు, అంతకుముందు 20 నిమిషాలు పరుగెత్తినవాళ్లకు కూడా కష్టంగా అనిపించేది ఇందుకే. ఆ రోజు చూసి దిగులుపడొద్దు.

పట్టిక క్యాలెండర్ ప్రకారం కదులుతుంది, శరీరం కదలదు. అసలు లోపం అక్కడుంది. వారం మారాలా వద్దా అన్నది యాప్‌కు వదిలేయకుండా చిన్న నోట్‌బుక్‌లో నాలుగు సంగతులు రాసుకుంటాను: తేదీ, ఎన్నో పరుగు, కష్టానికి పదికి ఎన్ని మార్కులు, మర్నాడు పొద్దున నొప్పి ఎక్కడ. వారంలోని మూడో పరుగుకు 6 లేదా తక్కువ వస్తే తర్వాతి వారానికి వెళ్తాను. 7, 8 వస్తే అదే వారం మళ్లీ. 9 వస్తే వేగం తప్పిందని అర్థం. పట్టిక మార్చకుండా, తర్వాతి పరుగు రోజున వేగం తగ్గించి అదే పరుగు మళ్లీ చేయాలి. ఈ లెక్కన తొమ్మిది వారాలు పన్నెండు, పద్నాలుగు అయినా ఫర్వాలేదు.

మధ్యలో బ్రేక్ రావడం మామూలే. జ్వరం, ప్రయాణం, పని ఒత్తిడి, ఏదో ఒకటి. ఒక వారం పోతే చివరగా చేసిన వారాన్ని మళ్లీ చేయాలి. రెండు వారాలు పోతే రెండు వారాలు వెనక్కి. నెల దాటితే ఎక్కడున్నా మూడో వారం నుంచి. పోయిన పరుగుల్ని వడ్డీతో సహా తీర్చాలని వరుసగా రెండు రోజులు పరుగెత్తడం మాత్రం కూడదు, విశ్రాంతి రోజును మింగేసే అలాంటి పనితోనే పిక్కలు పట్టేస్తాయి. బద్ధకం వేసే రోజులకు వేరే ఏర్పాటు: బూట్లు కట్టుకుని ఆ 5 నిమిషాల నడక ఒక్కటే చేయాలని ముందే ఒప్పందం. అది అయ్యాక కూడా మనసు రాకపోతే నడుచుకుంటూ ఇంటికి వచ్చేయొచ్చు, ఆ రోజు తప్పినట్టు లెక్కకాదు. నోట్‌బుక్‌లో అలాంటి రోజులు మూడు విడతలకూ కలిపి నాలుగే ఉన్నాయి.

నొప్పుల్లో తేడా తెలుసుకోవాలి. మోకాలి కింద ఎముక లోపలి అంచు వెంబడి బెత్తెడు పొడవునా మందంగా నొస్తే అది షిన్ స్ప్లింట్స్. పరుగు ఆపి వారం, రెండు వారాలు నడక లేదా సైకిల్‌తో సరిపెట్టి, ఒక వారం వెనక నుంచి మొదలుపెట్టవచ్చు. అలా కాకుండా వేలి కొనతో నొక్కితే ఒకే బిందువు దగ్గర ప్రాణం పోయేంత నొప్పి, రాత్రి పడుకున్నా సలుపు ఉంటే ఎముకలో పగులు కావచ్చు. పరుగు మానేసి డాక్టర్‌కు చూపించాల్సిందే. ఛాతీలో పట్టేసినట్టుండటం, కళ్లు తిరగడం వస్తే అక్కడికక్కడే ఆగి వైద్యసాయం తీసుకోవాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఏళ్ల తరబడి కదలకుండా కూర్చున్నవాళ్లు మొదటి వారానికి ముందే డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి. డొక్కలో పట్టేయడం మాత్రం చిన్న విషయమే: నడకలోకి దిగి, పట్టిన చోట వేళ్లతో నొక్కుతూ, ఊపిరి పూర్తిగా బయటికి వదిలితే ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. భోజనానికీ పరుగుకూ మధ్య రెండు గంటలు ఉంచితే అదీ అరుదే.

మరో వెలితి, కండరాల వ్యాయామం ఇందులో బొత్తిగా లేదు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 75 నిమిషాల తీవ్రమైన వ్యాయామం లేదా 150 నిమిషాల మధ్యరకం వ్యాయామం, దానితోపాటు రెండు రోజులు కండరాల బలానికి కసరత్తు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏడో వారంలో 25 నిమిషాలు మూడుసార్లు అంటే సరిగ్గా 75. మొదటి సగం అక్కడికి తీరింది. రెండో సగం మనమే చేర్చుకోవాలి. పరుగు అయిన వెంటనే, వారంలో రెండు రోజులు, పావుగంట: కుర్చీ అంచుకు ఆనీ ఆనకుండా కూర్చుని లేవడం 10 చొప్పున మూడుసార్లు, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం 12 చొప్పున మూడుసార్లు, చివరగా మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు ఎత్తి దించడం 12 చొప్పున మూడుసార్లు. మడమలు ఎత్తడానికి రెండు సెకన్లు, దించడానికి మూడు. పిక్కలు గట్టిపడితే మోకాలి కింద ఎముకకు తగిలే దెబ్బ తగ్గుతుంది. దీన్ని విశ్రాంతి రోజున పెట్టుకుంటే అది విశ్రాంతి కాకుండా పోతుంది.

బరువు తగ్గడానికే మొదలుపెట్టేవాళ్లకు ఒక చేదు లెక్క. పరుగుకు ఖర్చయ్యేది సుమారుగా శరీర బరువు కిలోకు, కిలోమీటరుకు ఒక కేలరీ. 70 కిలోల మనిషి మూడున్నర కిలోమీటర్లు పరుగెత్తితే దాదాపు 245, వారానికి మూడుసార్లకు 735. కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 కేలరీలు. తిండి ఏమీ మారకపోతే కిలో తగ్గడానికి పది వారాలు దాటుతుంది. పరుగుకు ఆకలి పెరుగుతుంది కాబట్టి అదీ గ్యారంటీ లేదు. కాటా మీద ఆశ పెట్టుకున్నవాళ్లు నాలుగో వారంలో నీరుగారిపోతారు. అంతకన్నా నోట్‌బుక్‌లోని కష్టం మార్కు చూసుకోవడం నయం. అది కళ్లముందే తగ్గుతుంది.

యాప్ ఏదైనా ఒకటే. చూడాల్సింది రెండు: ఒకే వారాన్ని ఎన్నిసార్లైనా చేయనివ్వాలి, స్క్రీన్ ఆరిపోయినా గొంతు వినిపించాలి. ఫోన్‌లో బ్యాటరీ పొదుపు ఆన్‌లో ఉంటే సగంలో యాప్ నిద్రపోతుంది, నడవమనే మాట రాదు, మనం పరుగెత్తుతూనే ఉంటాం. ఆ యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేస్తే సరి. బూట్ల విషయానికొస్తే బొటనవేలి ముందు వేలెడు జాగా ఉండాలి, లేకపోతే గోరు నల్లబడుతుంది. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట కొలత చూసుకోవాలి. జత సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. నడకతో కలిపి ఈ 27 పరుగులూ వంద కిలోమీటర్ల లోపే కాబట్టి మొదటి విడతకు ఖరీదైనవి అక్కర్లేదు.

ఇక పేరులోని ఐదు కిలోమీటర్ల మాట. అరగంటలో ఐదు కిలోమీటర్లు అయిపోవాలంటే గంటకు 10 కిలోమీటర్ల వేగం కావాలి. 7తో పరుగెత్తేవాళ్లు తొమ్మిదో వారం చివర చేరేది మూడున్నర దగ్గరికే. పేరు చూసి మోసపోయామనుకుని వేగం పెంచేస్తారు చాలామంది, అక్కడ దెబ్బ తగులుతుంది. వేగం ముట్టుకోకుండా సమయం పెంచాలి. వారంలో ఒక్క పరుగుకే 2 నిమిషాలు చేర్చాలి, మిగతా రెండూ 30 దగ్గరే ఉంచాలి, ప్రతి నాలుగో వారం ఏమీ పెంచకూడదు. 7 వేగంతో ఐదు కిలోమీటర్లకు పట్టేది 43 నిమిషాలు. ఈ లెక్కలో 44కు చేరడానికి మళ్లీ తొమ్మిది వారాలే. ఐదు కిలోమీటర్ల మీద మోజు లేనివాళ్లకు వారానికి రెండు అరగంట పరుగులతోనే ఉన్నది నిలబడుతుంది. రెండింట్లో ఏది ఎంచుకున్నా 27వ పరుగు అయిపోయాక ఆలోచిద్దామనుకోవద్దు. యాప్ అభినందనలు చెప్పి ఊరుకుంటుంది, మర్నాటి నుంచి పిలిచేవాళ్లుండరు. మొదటి రెండు విడతలూ నాకు అక్కడే తెగిపోయాయి. మూడోసారి ఎనిమిదో వారంలోనే తర్వాతి ఆరు పరుగుల తేదీలు, నిమిషాలతో సహా, నోట్‌బుక్‌లో రాసి పెట్టాను.