స్విఫ్ట్ డీజిల్‌కి సైలెన్సర్ మార్పు, రీమ్యాప్: 48 వేల కిలోమీటర్ల తర్వాత మైలేజ్ సంగతి

నాది 2014 స్విఫ్ట్ డీజిల్, అదే 1248 సీసీ, 75 పీఎస్ ఇంజిన్. 82 వేల కిలోమీటర్ల దగ్గర వెనక సైలెన్సర్ మార్పించా, ఇంకో ఆర్నెల్లకి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) రీమ్యాప్ కొట్టించా, అంటే అందులోని సెట్టింగ్‌ల ఫైల్ మార్పించా, ఇప్పుడు రీడింగ్ లక్షా ముప్పై వేలు. "మైలేజ్ పెరుగుద్దా అన్నా" అని అడిగినోళ్లందరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి రాసేస్తున్నా.

ముందు సైలెన్సర్. 14 వేలు పెట్టా, మైలేజ్‌లో తేడా సున్నా. టర్బో డీజిల్లో పొగ మొదట టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) చక్రాన్ని తిప్పాలి, తర్వాత పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దాటాలి, ఆ తర్వాతే వెనక డబ్బాకొస్తది, అడ్డంకంతా ముందే ఉంటే చివర డబ్బా మారిస్తే ఏం ఒరుగుద్ది చెప్పండి. వచ్చిందల్లా 2,200 ఆర్‌పీఎం దగ్గర లోపల గుయ్యిమని ఒక మోత, అదీ కరెక్ట్‌గా హైవేలో మనం పోయే స్పీడ్‌లోనే. మా నాన్న అయితే "పిండిమిల్లులో కూర్చోబెట్టావేంట్రా" అన్నాడు. మా బావమరిది టర్బో లేని పెట్రోల్ బండికి లావు సైలెన్సర్ పైపు వేయించాడు, తక్కువ స్పీడ్‌లో పికప్ పోయి స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ ఫస్ట్ గేర్ వెయ్యాల్సొస్తోంది, లీటరుకి ఒక కిలోమీటరు పైనే పోగొట్టుకున్నాడు.

రీమ్యాప్ కథ వేరు. 22 వేలు. కంపెనీ సెట్టింగ్‌లో ఈ బండి 2,000 ఆర్‌పీఎం లోపు నిద్రపోతది, ఓనర్లందరికీ తెలిసిందే. ఇప్పుడు 1,600 నుంచే లాగుతోంది కాబట్టి చౌటుప్పల్ దాటాక లారీల వెనక స్లో అయినా గేర్ దించకుండా ఐదులోనే లేచిపోతది. మైలేజ్ పెరిగిందంటే దీనివల్లే, అంతేగానీ తక్కువ తాగే మంత్రమేదో ఆ ఫైల్లో లేదు.

ఎంత పెరిగిందంటే, విజయవాడ రోడ్డు మీద లీటరుకి 20.5 కిలోమీటర్ల నుంచి 21.3. ఒకే బంకు, ఒకే పంపు, ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ ట్యాంక్, మళ్లీ అక్కడే ఫుల్ కొట్టించి తీసిన లెక్క ఇది. మీటర్ స్క్రీన్ మాత్రం 24.6 అంటోంది! మొదటి నెల అది చూసి నేనూ ఎగిరి గంతేశా. స్క్రీన్ ట్యాంకులో డీజిల్ కొలిచి చెప్పదు, ఈసీయూ వేసుకున్న లెక్క చూపిస్తది, ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలనే పట్టిక మార్చేసి లెక్క పాతదే వదిలేస్తే పోసే డీజిల్ ఎక్కువ, చూపించేది తక్కువ. షాపుల వాళ్లు ఫోటోలు పెట్టేది ఆ స్క్రీన్‌వే, గమనించండి.

సిటీలో 16.8 ఉండేది, 15.4కి పడింది. తప్పు నా కాలిదే, పికప్ ఉందంటే సిగ్నల్ పడగానే తొక్కకుండా ఎవడుంటాడు.

హైవేలో ఏడాదికి 12 వేలు తిరిగితే మిగిలేది 22 లీటర్లు, లీటరు 95 అనుకుంటే రెండు వేల చిల్లర. 22 వేలు తిరిగి రావాలంటే పదేళ్లు, అప్పటికి బండి ఉంటదో లేదో. దానికి తోడు లక్షా పదివేల దగ్గర క్లచ్ జారడం మొదలైంది, నాలుగో గేర్లో తొక్కితే ఆర్‌పీఎం ముల్లు ఎగురుతోంది, బండి మాత్రం కదలట్లేదు, 11 వేలు వదిలింది (సగం పాపం రీమ్యాప్‌ది, సగం అమీర్‌పేట ట్రాఫిక్‌ది అనుకోండి).

టర్బో లేని పెట్రోల్ వాళ్లు మైలేజ్ కోసం అసలు రీమ్యాప్ జోలికే పోకండి. మామూలు స్పీడ్‌లో ఈసీయూ పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ చూసుకుంటూ 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్ ఎలాగూ పోస్తోంది, ట్యూనర్ వచ్చి అక్కడ మిగిల్చేదేం లేదు. ఇంకోటి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.

రీమ్యాప్ అలాగే ఉంచా, నడపడానికి హాయిగా ఉంది కాబట్టి. సైలెన్సర్ మాత్రం పోయిన నెల పీకేసి, అటక మీదున్న పాతది బిగించా. మొన్న ఊరెళ్తుంటే పంతంగి టోల్ దాటగానే మా నాన్న కునుకు తీశాడు, కోదాడలో టీకి లేపాల్సొచ్చింది.