పాలకొల్లుకి వచ్చిన లుంగ: వాద్యానికి ఐదు నక్షత్రాలు, అమ్మిన షాపుకి రెండే

మూడు నెలలు వాడాకే రాస్తున్నాను. లుంగ అనేది ఉత్తర ఘానాలో దగోంబా వాళ్ళు వాయించే వాద్యం. నడుము సన్నగా, రెండు వైపులా తోలు, ఆ రెండిటినీ కలుపుతూ చుట్టూ తోలు తాళ్ళు ఉంటాయి. చంకలో పెట్టుకుని తాళ్ళు నొక్కుతూ వంకర పుల్లతో కొడతారు. ఆన్‌లైన్‌లో ఒక చేతిపనుల షాపులో 7,200 పెట్టి కొన్నాను. వాళ్ళ పేజీలో దీన్ని షోకేసులో పెట్టుకునే అలంకరణ వస్తువు అని రాశారు, నాకు మండింది అక్కడే.

మాది సన్నాయి మేళం ఇల్లు, నాన్న డోలు వాయిస్తారు. పెట్టె విప్పగానే ఆయన దీన్ని చంకలో ఇరికించుకుని రెండు దెబ్బలు వేసి, మూడో దెబ్బకి మోచేత్తో గట్టిగా నొక్కారు. స్వరం ఒక్కసారిగా పైకి లేచింది. వీధి చివర నుంచి అమ్మ "ఒరేయ్ శీనూ" అని పిలిచేటప్పుడు ఆ "నూ" ఎలా సాగుతుందో అచ్చం అలాగే వినిపించింది. దగోంబా వాళ్ళ దగ్బానీ భాషలో స్వరం ఎత్తు మారితే మాట అర్థమే మారుతుంది, అందుకే అక్కడి వాయిద్యగాళ్ళు ఆ ఎత్తుపల్లాలనే వాయించి పేర్లు, బిరుదులు, సామెతలు పలికిస్తారు.

వాళ్ళని లున్సి అంటారు. మొదటి యా నా అయిన న్యగ్సి కొడుకు బిజుంగ్ తమ మూలపురుషుడని చెప్పుకుంటారు (యా నా అంటే దగోంబా రాజ్యమైన దగ్బాన్‌కి రాజు, యెండి అనే ఊళ్ళో ఉంటాడు, సింహాసనం మీద కాదు, జంతు చర్మాల మీద కూర్చుంటాడు). మన భట్రాజులు వంశం పొగిడినట్టే అనుకోవచ్చు గానీ లున్సి బాధ్యత ఇంకా పెద్దది, రాజ్యం చరిత్రంతా వాళ్ళ నోట్లోనే ఉంది. పండగ ముందు రాత్రి రాజు వాకిట్లో తెల్లవార్లూ ఆ చరిత్ర పాడతారు, కొన్ని పాత కథలకైతే ముందు బలి ఇచ్చాకే నోరు విప్పుతారు. 1700 ప్రాంతంలో రాజైన జంగినా కాలం నుంచి రాజకుటుంబంలో ఇస్లాం ఉంది, పెద్ద పండగ డాంబా కూడా ప్రవక్త పుట్టిన నెలలోనే వస్తుంది, అయినా పూర్వీకుల మొక్కులు పోలేదు. ఎవరిది ఏ వంశం అన్నది అక్కడ ప్రాణాల మీదకొచ్చే సంగతి: రాజవంశంలోని అబుడు, అందాని శాఖల గొడవలో 2002లో యా నా యాకూబు అందానిని చంపేశారు, తర్వాతి యా నా పీఠమెక్కింది 2019లో. అలాంటి చోట చరిత్ర మోసే వాద్యాన్ని పట్టుకుని అలంకరణ అంటారా?

సరుకు విషయానికొస్తే చెక్క గట్టిది, తోలు బాగుంది. కానీ తాళ్ళు వదులుగా వచ్చాయి, రెండు వారాలకే ఒకటి తెగింది. షాపుకి మెసేజ్ పెడితే "గోడకి తగిలించుకోండి సార్" అన్నారు. నాన్నే మేకతోలు తాడు కోసి కట్టారు. మన గోదావరి జిల్లాల్లో కొనేవాళ్ళు ముసురు రోజుల్లో జాగ్రత్త, తేమకి తోలు సాగిపోయి గొంతు బొంగురుపోతుంది. ఎర్రటి ఎండలో పెట్టకండి, పొయ్యి దగ్గర కాస్త దూరంగా పది నిమిషాలు కాపితే చాలు. పిల్లలకైతే చిన్న సైజు తీసుకోండి, ఇది పన్నెండేళ్ళ మా అమ్మాయి చంకలో ఇమడడం లేదు.