సాయంత్రం ఫంక్షన్లకు చేత్తో నొక్కే బ్రెస్ట్ పంపు: పాపకు ఏడాది దాటేదాకా వాడాక

పాపకు మూడో నెలలో, స్నేహితురాలి రిసెప్షన్‌కి ముందు కొన్నాను. 1,200 రూపాయలు పడింది. మోటారు లేదు, చార్జింగ్ గొడవ లేదు. ఒక కప్పు, ఒక పిడి, కింద సీసా, అంతే. ఆఫీసులో రోజుకు మూడు నాలుగు సార్లు పాలు తీయాల్సిన వాళ్లు దీని జోలికి రావద్దు, చెయ్యి పడిపోతుంది. ఎప్పుడో ఒక సాయంత్రం బిడ్డను ఇంట్లో వదిలి వెళ్లేవాళ్ల కోసమే ఈ సమీక్ష.

పంపు అంటే ఇంట్లో బిడ్డకు పాలు తీసి ఉంచడానికే అనుకుంటారు అందరూ. నాకు మాత్రం అది ఎక్కువగా అక్కరకొచ్చింది ఫంక్షన్ హాల్లోనే. కార్డులో ఏడు గంటలని వేస్తారు, జంట స్టేజి ఎక్కేసరికి తొమ్మిది. అప్పటికి పాప తాగే టైము దాటిపోయి రొమ్ములు రాయిలా బిగిసిపోతాయి. పక్క వరసలో ఎవరి పసిబిడ్డో కేరుమందంటే చాలు, మనకు చేపు వచ్చేస్తుంది. లోపల ప్యాడ్ లేకపోతే పట్టు జాకెట్టు మీద మరకే. ఓర్చుకుని అలాగే కూర్చుంటే పాలు గడ్డకట్టి, ఒక్కోసారి జ్వరం దాకా పోతుంది. సంచిలో పంపు ఉంటే ఆ టెన్షన్ లేదు. పెళ్లికూతురి గదిలో గోడవైపు తిరిగి, పైట కప్పుకుని కాసేపు కూర్చుంటే సరిపోతుంది. పూర్తిగా ఖాళీ చేయక్కర్లేదు, బిగువు తగ్గేదాకా తీస్తే చాలు. పిడి కాస్త కిర్రుమంటుంది కానీ, బయట డీజే మోతలో అదెవరికి వినిపిస్తుంది?

మొదట పిడిని సగమే, గబగబా నొక్కాలి. కాసేపు చుక్క చుక్కగానే పడుతుంది, కంగారు పడొద్దు. తర్వాత రొమ్ములో సన్నగా గుంజినట్టయి, ధారలు కప్పు గోడకు చిమ్ముతాయి. అక్కడి నుంచి నిదానంగా, గట్టిగా నొక్కాలి. నొప్పి పుడుతోందంటే చాలాసార్లు కారణం కప్పు సైజే. సైజంటే చనుమొన దూరే గొట్టం వెడల్పు. దీనితో వచ్చింది 24 మిల్లీమీటర్లది, నాకు సరిపోయింది 21. విడిగా కొనాల్సి వచ్చింది. ఒక్కటే సైజు పెట్టి అందరికీ అమ్మడం నాకు అస్సలు నచ్చలేదు.

ఇంకో మాట. పంపు ఎంత మంచిదైనా వెనక జిప్పు బ్లౌజు వేసుకుంటే దండగ. టైలర్ మొహం ముడుచుకున్నా సరే, ముందు హుక్కులే పెట్టించుకోండి.

ఇంట్లో ఎన్ని పాలు ఉంచాలి? ఒకటి నుంచి ఆరు నెలల బిడ్డకు మనం లేని ప్రతి గంటకూ సుమారు 30 మిల్లీలీటర్లు అని లెక్క వేసుకోవచ్చు. నాలుగు గంటలకు 120. నాకు పొద్దున పాలు ఎక్కువ కాబట్టి, పాప తాగిన గంటకు తీసి దాచేదాన్ని. ఆ సీసా చూసి మా అత్తయ్య, "ఇవేం సరిపోతాయే దానికి?" అన్నారు. సరిపోయాయి. పట్టింది కూడా ఆవిడే, ఉగ్గుగిన్నెతో. పాప బాటిల్ నిపుల్‌ని నాలుకతో తోసేసేది. గిన్నె మూతి పెదవికి ఆనిస్తే మాత్రం చప్పరిస్తూ తాగేసింది. బిడ్డను కాస్త నిటారుగా కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పట్టాలి, గొంతులో పోయకూడదు. బాటిల్ కంటే గిన్నెను శుభ్రంగా కడగడం తేలిక, అది నాకు ఇంకా నచ్చింది.

తీసిన పాలు బయట నాలుగు గంటలు ఉంటాయని పెట్టె మీద ఉంది. అది 25 డిగ్రీల లోపు గదికి. హైదరాబాద్ ఏప్రిల్‌కి ఆ లెక్క పనికిరాదు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. తలుపు అరలో కాదు, లోపలి వైపు. అక్కడ నాలుగు రోజుల వరకు ఉంచొచ్చు. పట్టే ముందు సీసాను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెడితే చాలు, మైక్రోవేవ్ వద్దు. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటల్లో పట్టకపోతే పారబోయడమే. హాల్లో తీసిన వాటికి ఐస్ ప్యాకులున్న చిన్న సంచి తీసుకెళ్లేదాన్ని. అది లేని రోజు సింకులో పోయబోతుంటే ఒక పెద్దమ్మ ఆపింది. "తొక్కుడు పడే చోట పోయకమ్మా, చెట్టు మొదట్లో పొయ్యి" అంది. నిండా పట్టుచీరతో గేటు పక్క వేపచెట్టు దాకా నడిచాను. నమ్మకం సంగతి అటుంచితే, ఆ గదిలో ఉక్కపోత నుంచి కాస్త గాలి తగిలింది.

ఇంతకాలం వాడాక దీంట్లో అరిగిపోయింది ఒక్కటే, లోపలి సిలికాన్ వాల్వు. బొటనవేలి గోరంత ఉంటుంది. దాని చీలిక కొంచెం సాగినా పీల్చే బలం తగ్గుతుంది. సీసాలో పాలు తగ్గగానే మనకు వచ్చే మొదటి అనుమానం పాలు ఎండిపోతున్నాయేమోనని. మెంతులు, వెల్లుల్లి మొదలుపెట్టే ముందు ఆ వాల్వును వెలుతురులో పట్టి చూడండి. నాకు కొత్తది వేశాక మళ్లీ ఎప్పటిలాగే వచ్చాయి. కొనేటప్పుడే ఒక జత అదనంగా దొరుకుతుందో లేదో అడగండి, దొరకని మోడల్ అయితే వదిలేయండి.

ఇప్పుడు మా చెల్లి నెలలు నిండి ఉంది. "అక్కా, నీ పంపు ఖాళీగానే ఉందిగా" అని అడిగింది. ఎంత మరిగించినా ఒకరు వాడింది ఇంకొకరికి ఇవ్వకూడదని, ఇదే మోడల్ కొత్తది కొనిచ్చాను, 21 కప్పు కూడా కలిపి. తన సైజు అదేనో కాదో చూడాలి.