ఒకే బకెట్, రంగు మారితే రేటు మారే: విశాఖ దొండపర్తి పెయింట్ షాపు టింటింగ్ కౌంటర్

ఒకే కంపెనీ, ఒకే రకం ఎమల్షన్, ఒకే సైజు డబ్బా. గంధం రంగుకు ఒక రేటు, పండుమిరప ఎరుపుకు ఇంకో రేటు. మెషిన్‌తో రంగు కలిపిచ్చే ఈ టింటింగ్ కౌంటర్ దగ్గర బేరం మొదలయ్యేది ఇక్కడే. షాపువాళ్లు నొక్కేస్తున్నారని అనుకోనక్కర్లేదు. పన్ను తేడా కూడా లేదు, 2018 జూలై నుంచి పెయింట్ల మీద జీఎస్‌టీ 18 శాతమే, ఏ రంగుకైనా.

తేడా అంతా బేసులో (రంగు కలపక ముందు డబ్బాలో ఉండే పెయింటు), స్టెయినర్‌లో (అందులో పోసే చిక్కటి రంగు) ఉంది. లేత రంగులకు వాడే తెల్ల బేసులో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పిగ్మెంటు దండిగా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి స్టెయినర్ చాలు. ముదురు రంగుకు ఆ తెలుపే అడ్డం: ఎంత ఎరుపు పోసినా గులాబీ దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఆ తెలుపు దాదాపు లేని క్లియర్ బేసు తీస్తారు. స్టెయినర్‌కు చోటు ఉండాలని ఆ డబ్బాను వెలితిగానే నింపి పంపుతారు, తక్కువ పోశారని కంగారు పడొద్దు. ఒట్టి డబ్బాగా చూస్తే ఒక్కోసారి ఇదే చవక. మెషిన్ కింద పెట్టాకే రేటు పెరుగుతుంది. అందులోనూ ఇటుక రంగు, కావి లాంటివి ఐరన్ ఆక్సైడ్‌తో వచ్చేవి, పెద్దగా పెరగవు. నిగనిగలాడే ఎరుపు, నిమ్మపసుపు, వంగపండు రంగులకు ఆర్గానిక్ పిగ్మెంట్లు కావాలి. ఖరీదు వాటిది.

షేడ్ కోడ్, బేసు పేరు ఉన్న స్టిక్కర్ మూత మీద అంటించి ఇస్తారు. తర్వాత రంగు తక్కువపడినా అదే కోడ్‌తో కలిపించుకోవచ్చు. ఇది బాగుంది. బిల్లులో మాత్రం బేసు, స్టెయినర్ విడిగా రాయరు, అడగాలి.

అంతకన్నా పెద్ద లోపం, ఏ రంగుకు ఎన్ని కోటింగులు పడతాయో చెప్పకపోవడం. మామూలుగా రెండు కోటింగులు సరిపోతాయి. కాంతివంతమైన ఎరుపు, పసుపు కింది గోడను సరిగా కప్పవు, మూడో కోటింగు, ఒక్కోసారి నాలుగోది కూడా పడుతుంది. తడిసి మోపెడయ్యేది అక్కడ, డబ్బా రేటు దగ్గర కాదు. ఎరుపు కింద ముందుగా బూడిద రంగు, పసుపు కింద తెల్ల బేసులో కలిపిన లేత పసుపు ఒక కోటింగు వేయిస్తే ఖరీదైన రంగు మిగులుతుంది. మేస్త్రీ వద్దంటే వినొద్దు.

మూత బిగించక ముందే కాగితం మీద కాస్త పూయించి, ఆరాక షేడ్ కార్డుతో (రంగుల నమూనాలుండే కార్డు) పోల్చండి. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా కనబడి ఆరితే ముదురుతుంది. నాజిల్‌లో స్టెయినర్ ఎండిపోతే తక్కువ పడి షేడ్ తప్పుతుంది. రెండు బకెట్లు కొంటే పెద్ద డ్రమ్ములో రెండూ కలిపేసి వాడాలి, లేకపోతే గోడ మధ్యలో గీత తేలుతుంది. టింట్ చేసింది వెనక్కి తీసుకోరు.

పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఎండ నేరుగా కొట్టే బయటి గోడకు ఆ షేడ్ పనికొస్తుందో లేదో కార్డులోనే చూడాలి. కొన్ని షేడ్లు ఇంటి లోపలికే. బయటికైతే కావి రంగు చవక, తొందరగా వెలవదు కూడా (గుడి గోడలకు పట్టీలు వేసేవాళ్లకు ఎప్పుడో తెలుసు).

నా మార్కులు: రంగు కలపడానికి ఐదుకు నాలుగు, బిల్లుకు రెండు.