కేసు పెట్టడమా, పొగబెట్టడమా? నవ్వేవాళ్లను అణచడంలో ఏది మేలు

వెక్కిరిస్తే నియంతలు ఎందుకంత ఉలిక్కిపడతారు, వినీ విననట్టు వదిలేయొచ్చు కదా అని చాలామంది అడుగుతుంటారు. దాని వెనకే వచ్చే రెండో ప్రశ్న మీదే నాకు ఆసక్తి ఎక్కువ. బాహాటంగా కేసు పెట్టి లోపలేసేవాళ్లు ఒక రకం, చప్పుడు కాకుండా పొగబెట్టేవాళ్లు ఇంకో రకం. వీళ్లలో ఎవరి పద్ధతి పనిచేస్తుంది? ఇక్కడ మేలు అంటే కుర్చీలో కూర్చున్నవాడికి మేలు. జనం వైపు నుంచి చూస్తే మార్కులు తలకిందులవుతాయి.

శిక్ష ఎంత కఠినం అన్నది నా లెక్కలో రెండో విషయం. శిక్ష వేసే హడావుడిలో ఆ జోకు ఇంకెంతమందికి చేరింది అన్నదే మొదటిది. పాలకుడిని తలుచుకుని ఇంట్లో నవ్వుకునేవాడు ఒంటరివాడు. పక్కింటాయనా నవ్వుతున్నాడని తెలిశాక భయం మునుపటిలా ఉండదు. కోర్టుకెళ్లడమంటే ఆ సంగతిని సర్కారు ఖర్చుతో చాటింపు వేయించడమే.

ఫ్రాన్స్‌లో 1831లో అదే జరిగింది. లూయీ ఫిలిప్ రాజును ఎగతాళి చేశాడన్న కేసులో పత్రికాధిపతి షార్ల్ ఫిలిపోన్ బోనెక్కాడు. తన వాదన వినిపించడానికి నాలుగు బొమ్మలు వేసి చూపించాడు. మొదటిది రాజుగారి ముఖం. రెండోదానిలో బుగ్గలు కాస్త జారాయి, మూడోదానిలో ఇంకాస్త, నాలుగోదానికి వచ్చేసరికి వట్టి పియర్ పండు. పోలిక ఉండటమే నేరమైతే ఈ పండు గీసినవాణ్ణి కూడా శిక్షించాలి కదా అన్నది ఆయన వాదన. ఆరు నెలల జైలు, జరిమానా పడ్డాయి. కానీ ఆ తర్వాత పారిస్ గోడల మీద ఎక్కడ చూసినా పియర్ పండే! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది రాజుగారి పని. 1835లో తన మీద హత్యాయత్నం జరిగాక, బొమ్మలు అచ్చు వేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని చట్టం తెచ్చారు.

ఇలాంటివి పాతకాలం ముచ్చట్లు అనుకోనక్కర్లేదు. 2011 వేసవిలో బెలారుస్ జనం నిరసనగా, నినాదాలు, బ్యానర్లు లేకుండా వీధుల్లో ఊరికే చప్పట్లు కొట్టారు. పోలీసులు వాళ్లనూ పట్టుకెళ్లారు. చప్పట్లు కొట్టాడని పట్టుకున్నవాళ్లలో ఒక్క చెయ్యే ఉన్న మనిషి కూడా ఉన్నాడు. 2013లో, నోబెల్‌ను అనుకరిస్తూ సరదాకి ఇచ్చే ఇగ్ నోబెల్ శాంతి బహుమతిని దేశాధ్యక్షుడు లుకషెంకోకూ, ఆయన పోలీసులకూ కలిపి ఇచ్చారు. తుర్కియే శిక్షాస్మృతి 299వ సెక్షన్ ప్రకారం అధ్యక్షుణ్ణి అవమానిస్తే ఏడాది నుంచి నాలుగేళ్ల జైలు. ఎర్దొగాన్‌ను ఒక సినిమా పాత్రతో పోల్చిన కేసులో, ఆ పాత్ర మంచిదో చెడ్డదో తేల్చమని 2015లో కోర్టు నిపుణులను నియమించాల్సి వచ్చింది.

అయితే కేసుల పద్ధతి ప్రతిసారీ బెడిసికొడుతుందని కాదు. 1934 డిసెంబర్‌లో నాజీలు పార్టీ నాయకుల మీద నోరు జారితే జైలు అని చట్టం చేశారు. మరుసటి ఏడాది బెర్లిన్‌లో కటకోంబె అనే హాస్య వేదికను మూసేసి, దాన్ని నడిపిన వెర్నర్ ఫింక్‌ను నిర్బంధ శిబిరానికి పంపారు. అక్కడ ఆ వార్తను వేసి నవ్వుకోవడానికి స్వేచ్ఛగా ఉన్న పత్రిక ఒక్కటీ మిగల్లేదు. అంత పట్టు లేని పాలకుడు అదే పని చేస్తే నవ్వులపాలవడం ఖాయం.

రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూడాలంటే ఈజిప్ట్‌ను మించింది లేదు. మనిషి ఒక్కడే, టీవీ వ్యంగ్యకారుడు బాసెమ్ యూసెఫ్. 2013 మార్చి చివర్లో, మోర్సీ అధ్యక్షుడిగా ఉండగా, అవమానం కేసులో విచారణకు పిలిచారు. పాకిస్తాన్‌లో గౌరవ డాక్టరేట్ తీసుకున్నప్పుడు మోర్సీ పెట్టుకున్న టోపీ లాంటిదే, ఇంకా పెద్దది, నెత్తిన పెట్టుకుని యూసెఫ్ వెళ్లాడు. కెమెరాలకు పండగ. బెయిల్ మీద బయటికొచ్చి షో కొనసాగించాడు. (మోర్సీ ఎన్నికల్లో గెలిచినవాడే, నియంత అన్న ముద్ర ఆయనకు అంత తేలిగ్గా అతకదు. చూడాల్సింది పద్ధతిని.) సైన్యం మోర్సీని దించేశాక అక్టోబర్‌లో షో మళ్లీ మొదలైంది. ఒక్క ఎపిసోడ్ కాగానే చానెలే ఆపేసింది. ఇంకో చానెల్‌కు మారితే, 2014 జూన్‌లో అక్కడా ముగిసింది. తన మీదా, చానెల్ మీదా ఒత్తిడి ఉందని అతనే చెప్పాడు. ఈ విడతలోనూ ఫిర్యాదులు పడ్డాయి గానీ, అసలు పని జరిగింది చానెల్ దగ్గర. మళ్లీ టోపీ పెట్టుకుని వెళ్లే సందర్భమే రాలేదు.

రష్యాదీ ఇదే దారి. 'కూక్లీ' అనే రబ్బరు బొమ్మల వ్యంగ్య షోలో పుతిన్ బొమ్మ ఉండకూడదని క్రెమ్లిన్ నుంచి మాట వచ్చిందని రచయిత విక్టర్ షెండెరోవిచ్ చెప్పాడు. దాన్ని ప్రసారం చేసే ప్రైవేటు చానెల్ ఎన్‌టీవీ 2001 ఏప్రిల్‌లో ప్రభుత్వ అదుపులోని గ్యాస్ సంస్థ గాజ్‌ప్రోమ్ చేతికి పోయింది. పైకి అదంతా అప్పుల గొడవ. జోకుకూ దానికీ సంబంధముందని ఎక్కడా రాసి ఉండదు. మరుసటి ఏడాదికి షో లేదు. అందుకే పాలకుడి కోణంలో నా ఓటు పొగబెట్టడానికే, అతి ప్రమాదకరమైనదీ అదే.

చైనాది ఇంకో తోవ. అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ పోలికలున్నాయన్న 'విన్నీ ద పూ' ఎలుగుబంటి కార్టూన్‌ను సోషల్ మీడియాలో తొలగించడం అందరికీ తెలిసిందే. అంతకన్నా పెద్దది దారి మళ్లించే పని. 2017లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా ప్రకారం, ప్రభుత్వం తరఫున ఏడాదికి సుమారు 44.8 కోట్ల పోస్టులు పడతాయి. వాటిలో ఎక్కువ భాగం విమర్శకు జవాబివ్వవు, మాట మార్చేస్తాయి. అంత యంత్రాంగం అందరికీ ఉండదు.

మిగతావి చిల్లర ఉపాయాలు. వెనెజువెలాను ఏలిన మదురో తనను సూపర్ హీరోగా చూపించే కార్టూన్‌ను 2021లో ప్రభుత్వ టీవీలో వేయించుకున్నాడు. సోవియట్ యూనియన్ క్రొకొదిల్ అనే హాస్య పత్రికలో గుమాస్తాలను తిట్టనిచ్చి, పైవాళ్ల జోలికి రానివ్వలేదు. వేడి కాస్త తగ్గుతుందేమో, అంతే.

ఇంతకీ పొగబెట్టాలంటే లొంగే యజమాని ఒకడుండాలి. జోకు చానెల్ వదిలి ఫోన్లలోకి చేరాక ఎవరి దగ్గరికెళ్లి ఒత్తిడి పెడతారు? 2019 మార్చిలో రష్యా, ఇంటర్నెట్‌లో ప్రభుత్వాన్ని అగౌరవపరిస్తే మొదటిసారి 30 వేల నుంచి లక్ష రూబుళ్ల జరిమానా, మళ్లీ చేస్తే 15 రోజుల దాకా జైలు అని చట్టం తెచ్చింది. ఒకప్పుడు చానెల్ చేతులు మారితే సరిపోయిన చోటే మళ్లీ కేసుల దాకా వచ్చింది.